‘భారత్ గృహ రక్ష’ బీమా: డెల్టాలో ఇల్లున్నవారి కోసం ఒక సమీక్ష

గోదావరి డెల్టాలో సొంత ఇల్లున్నవారు కొనదగిన బీమా ఏదైనా ఉందా అని అడిగితే, ఉంది, దాని పేరు భారత్ గృహ రక్ష అని చెప్పడానికి నేను వెనుకాడను. కాని ఆ పత్రంలో మన నేల స్వభావానికి పొసగని మాటలు కొన్ని ఉన్నాయనీ, వాటి అర్థం కొనకముందే తెలుసుకోవాలనీ ఆ వెంటనే చెప్పవలసి ఉంటుంది. గృహ బీమాను సమీక్షించడమంటే నిజానికి అందులోని మాటలను సమీక్షించడమే, ఎందుకంటే డబ్బు కట్టిన రోజున మన చేతికి వచ్చే సరుకు ఆ మాటలు తప్ప మరొకటి లేదు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి అగ్ని బీమా వ్యాపారం చేసే సాధారణ బీమా కంపెనీలన్నీ ఈ పాలసీని తప్పనిసరిగా అమ్ముతున్నాయి. ప్రభుత్వ కంపెనీ అయినా ప్రైవేటు కంపెనీ అయినా మూల షరతులు ఒక్కటే. మారేవి ప్రీమియం ధర, మర్యాద, క్లెయిము పెట్టినప్పుడు కంపెనీ చూపే చురుకుదనం మాత్రమే. అందువల్ల ఇక్కడ షరతుల గురించి రాసినది ఏ కంపెనీ దగ్గర కొన్నవారికైనా వర్తిస్తుంది. పాత అగ్ని బీమా పత్రాలతో పోలిస్తే ఇందులోని ఇంగ్లీషు చాలా సరళం. కంపెనీని ‘మేము’ అనీ, ఇంటి యజమానిని ‘మీరు’ అనీ సంబోధిస్తూ, ఒక్కొక్క ప్రమాదానికి ఎదురుగా దాని మినహాయింపులను పట్టికగా చూపడం దీనిలోని మొదటి సుగుణం.

తెలుగు విషయానికి వస్తే మాత్రం పరిస్థితి వేరు. మేము పాలసీ తీసుకున్న కంపెనీ మూల పత్రంతో పాటు తెలుగులో రెండు పేజీల కరపత్రం పంపింది. అందులో పాలసీ అన్న ప్రతిచోటా ‘విధానం’ అని ఉంది. ‘మీ విధానం గడువు ముగిసినచో’ అన్న వాక్యం చదివి మా ఇంట్లో నవ్వుకున్నారు. నవ్వులాట పక్కన పెడితే, ఆ అనువాదం చేసినవారు ఒకే రూపంలో ఉన్న రెండు వేర్వేరు మాటలను కలిపేశారు. ప్రభుత్వ విధానం అనే అర్థంలోని పాలసీ, పౌరపాలనను సూచించే గ్రీకు మాట ‘పొలితెయా’ నుంచి వచ్చింది. బీమా పాలసీ వంశం వేరు. గ్రీకులో రుజువు అనే అర్థమున్న ‘అపోదెయిక్సిస్’ మధ్యయుగ లాటిన్‌లో రసీదు అనే అర్థంతో ‘అపోదిస్సా’గా మారి, ఇటాలియన్‌లో ‘పోలిజ్జా’ అయి, ఫ్రెంచిలో ‘పొలీస్’గా స్థిరపడి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. ఫ్రెంచిలో రక్షకభటులను కూడా ‘పొలీస్’ అనే అంటారు కనుక, 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న మన యానాంలో దొరలు ఆ రెండింటినీ ఒకే మాటతో పిలిచి ఉండాలి. మనకు అచ్చంగా సరిపోయే మాట దస్తావేజు. అది పారశీకం, ‘దస్త్’ అంటే చెయ్యి, పట్టుకోవడానికి చేతికి ఆధారంగా ఉండేది దస్తావేజు. పాలసీ అన్నా దస్తావేజు అన్నా రుజువుగా చూపే కాగితమే. ‘బీమా పత్రం’ అని రాసి ఉంటే మా ఊళ్లో ఎవరూ తడబడేవారు కాదు.

బీమా అనే మాట కూడా పారశీకం నుంచే వచ్చింది. ‘బీమ్’ అంటే భయం. సంస్కృతంలోని ‘భీ’ ధాతువూ, దాని నుంచి పుట్టిన ‘భీమ’ శబ్దమూ ఈ ‘బీమ్’కు దగ్గరి చుట్టాలు. ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణీ సామర్లకోటలో కుమార భీమేశ్వరుణ్ణీ కొలిచే ప్రాంతంలో ఉండి, బీమా అనేది ఎక్కడో పరాయి మాట అనుకోవడం సరికాదు.

ఇక పత్రం లోపలికి వెళ్దాం. అగ్ని, పేలుడు, భూకంపం, అగ్నిపర్వతం మొదలుకొని అల్లర్లు, ఉగ్రవాదం, నీటి ట్యాంకు పగలడం వరకు ఎన్నో ప్రమాదాలు వరుసగా ఉన్నాయి. క్షిపణి ప్రయోగాల వల్ల కలిగే నష్టానికి కూడా ఒక వరుస కేటాయించారు. మన దృష్టి నిలవవలసినది గాలికీ నీటికీ సంబంధించిన వరుస మీద. గాలివానను, తుఫానును, సునామీని, వరదను, ముంపును పేరుపేరునా చెప్పి, ఒక్క తుఫానుకే సైక్లోన్, టైఫూన్, హరికేన్, టోర్నడో అంటూ నాలుగైదు పేర్లు పెట్టారు. వీటిలో సైక్లోన్ అనే మాటకు మన తీరంతో కొంత సంబంధం ఉంది. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ 1840 దశకంలో, చుట్ట చుట్టుకున్న పామును సూచించే గ్రీకు మాట నుంచి సుడిగాలి తుఫానులకు ఈ పేరు పెట్టాడు. తుఫానుల మీద అతడు చేసిన రచనల్లో, 1789 డిసెంబరులో గౌతమి మొగ దగ్గరి కోరంగి మీద విరుచుకుపడిన మూడు అలల వర్ణన ఉంది. ఆ తర్వాత 1839 నవంబరులో వచ్చిన తుఫానుతో కోరంగి రేవు మళ్లీ కోలుకోలేదు. మన తుఫాను మాత్రం అరబ్బీ ‘తూఫాన్’. టైఫూన్‌లోనూ అదే అరబ్బీ మాట చైనా మాటతోనూ గ్రీకు మాటతోనూ కలగలిసి ఉంది.

ముంపు అనే మాటను పత్రంలో వరదతో పాటు విడిగా చేర్చడం మనకు మేలు చేసిన విషయం. వరద అంటే నది పొంగి రావడం. కాని డెల్టాలో సగం ఇళ్లు నది పొంగినందువల్ల కాక, మురుగు కాలువ వెనక్కి తన్నినందువల్లా, సముద్రం పోటు మీద ఉండి వాన నీరు దిగనందువల్లా మునుగుతాయి. 1986 ఆగస్టు నాటి వరదనూ, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తుఫానునూ, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరికను దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పారిన 2022 జులై వరదనూ చూసినవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. ఉప్పెన అనే మాటకు సరితూగే పదం పత్రంలో విడిగా లేదు గాని, తుఫాను, ముంపు అనే రెండు మాటల మధ్య అది ఇమిడిపోతుందని నా అభిప్రాయం.

ఈ పాలసీలో నాకు అన్నిటికన్నా నచ్చిన షరతు, దురదృష్టవశాత్తూ, మా కరపత్రంలో అన్నిటికన్నా అన్యాయానికి గురైన షరతు కూడా. ‘సగటు నిబంధన వర్తించదు’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. చదివినవారికి ఏం అర్థమవుతుంది? బీమాలో ఆవరేజ్ అంటే లెక్కల పుస్తకంలోని సగటు కాదు. దెబ్బతిన్న సరుకును అరబ్బీలో ‘అవారియ్య’ అనేవారు. మధ్యధరా సముద్రపు రేవులలో అది ఇటాలియన్ ‘అవరియా’గా మారి, ఓడకు గాని సరుకుకు గాని కలిగిన నష్టమనే అర్థంలో స్థిరపడింది. గాలివానలో చిక్కిన ఓడను నిలబెట్టడానికి కొందరి సరుకును సముద్రంలో పారవేయవలసి వస్తే, ఆ నష్టాన్ని సరుకు పోయినవారూ మిగిలినవారూ తమ తమ సరుకు విలువను బట్టి పంచుకోవాలనేది పురాతనమైన సముద్ర న్యాయం. అలా పంచుకోవడం నుంచే లెక్కల్లోని సగటుకు కూడా ఆ పేరు వచ్చింది. అంటే బడిలో నేర్చుకున్న సగటు ఓడల వ్యాపారం నుంచి పుట్టినదే గాని, ఓడల ఆవరేజ్ బడి నుంచి వచ్చినది కాదు.

అగ్ని బీమాలోకి వచ్చేసరికి ఇది ఇంటి యజమానిని కూడా నష్టంలో వాటాదారును చేసే షరతుగా మారింది. ఉదాహరణకు తిరిగి కట్టడానికి 20 లక్షలు అయ్యే ఇంటికి యజమాని 10 లక్షలకే బీమా చేయించాడనుకుందాం. తుఫానుకు 4 లక్షల నష్టం జరిగింది. తక్కిన సగం విలువకు యజమాని తానే బీమాదారుగా ఉన్నట్లు లెక్కించి, ఆవరేజ్ షరతు కింద కంపెనీ 2 లక్షలు మాత్రమే ఇస్తుంది. తక్కువకు బీమా చేయించిన సంగతి అతనికి ఆ రోజు దాకా తెలియదు, ఎందుకంటే ఇల్లు కట్టి పదేళ్లయి ఉంటుంది, ఇసుక ధర, ఇనుము ధర, మేస్త్రీ కూలి అప్పటికీ ఇప్పటికీ పోలిక లేకుండా మారిపోయి ఉంటాయి. భారత్ గృహ రక్షలో ఈ షరతును పూర్తిగా తీసివేశారు. 10 లక్షల పరిమితికి లోబడి 4 లక్షల నష్టానికి 4 లక్షలూ ఇవ్వాలి. పాత పాలసీ వదిలి దీనికి మారమని ఎవరికైనా చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. ఇందుకు తోడు, ఏడాదికి మించిన గడువుతో తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది. పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు.

బీమా మొత్తం లెక్కించే తీరు గురించి ఒక హెచ్చరిక అవసరం. లోపలి వైశాల్యాన్ని ఆ రోజున్న నిర్మాణ వ్యయంతో గుణించగా వచ్చేదే ఇంటి విలువ. స్థలం విలువ అందులో ఉండదు. సెంటు ధరను బట్టే ఇంటి ధర చెప్పుకోవడం మనకు అలవాటు కనుక, అమ్మకపు ధర మొత్తానికి బీమా రాయించి అనవసరపు ప్రీమియం కట్టేవారు మన వైపు ఉన్నారు. ప్రహరీ గోడ, గేటు, సెప్టిక్ ట్యాంకు, పైన పెట్టిన సౌర ఫలకాలు మాత్రం ఇంటి నిర్వచనంలోనే ఉన్నాయి. ఇంటి సామానుకు జాబితా ఇవ్వకుండానే ఇంటి విలువలో 20 శాతం వరకు, 10 లక్షలకు మించకుండా, రక్షణ దొరుకుతుంది. ఇక్కడ పట్టుకోవలసినది ‘గృహ వినియోగం’ అన్న మాట. మంచం, ఫ్రిజ్, మిక్సీ, బట్టలు అందులోకి వస్తాయి. సావిట్లో వేసిన ధాన్యం బస్తాలు, దింపు తీసి రాశి పోసిన కొబ్బరికాయలు, చెరువు కోసం తెచ్చి నిలవ ఉంచిన రొయ్యల మేత వ్యాపార సరుకు కిందికే వస్తాయని అనుకోవాలి. అటువంటి సరుకుకు చిన్న వ్యాపారాల కోసం అదే రోజున వచ్చిన సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే వేరే పాలసీ ఉంది. నగదు, వాహనాలు, దస్తావేజులు కూడా విడిగా రాయించుకుంటే తప్ప ఇందులో లేవు. వరదలో నానిన దస్తావేజుకు నష్టపరిహారం ఉండదు కనుక, ట్రంకు పెట్టె అటక మీదికి ఎక్కించే పాత అలవాటును మానుకోవలసిన పని లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. నేల కుంగడం, కొండచరియలు విరగడం అనే ప్రమాదానికి ఎదురుగా ఉన్న మినహాయింపుల గడిలో, తీరం గాని నదీ గట్టు గాని కోతకు గురికావడం వల్ల కలిగే నష్టానికి పరిహారం లేదని స్పష్టంగా ఉంది. దానికి ముందే, మట్టి తోలి మెరక చేసిన నేల సర్దుకోవడం వల్ల కలిగే నష్టానికీ లేదని ఉంది. డెల్టా గురించి కాస్త తెలిసినవారికి ఈ రెండు మినహాయింపుల బరువు వెంటనే తెలుస్తుంది. నది ఒక ఒడ్డున కోత కోస్తుంది, మరో ఒడ్డున మేట వేస్తుంది. లంక గ్రామాల చరిత్ర అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. అంతర్వేది వైపు సముద్రం, గౌతమీ వసిష్ఠల పొడవునా నది, తోటలను గట్టుతో సహా తమలోకి లాక్కుంటున్నాయి. ఇక మట్టి తోలించి మెరక చేయకుండా పల్లపు చేనులో ఇల్లు కట్టినవారు మన వైపు ఎందరున్నారు?

మా వీధికి పాలసీలు అమ్మడానికి వచ్చిన కుర్రవాణ్ణి, లంకలో ఇల్లున్న మా ఇరుగింటి పెద్దాయన నిలదీశారు. “ఏవండీ, గోదారి ఒడ్డు కోసేసి గోడ పడిపోయిందనుకోండి, అది వరద కిందికి వస్తుందా రాదా?” అని అడిగితే, “ఆయ్, గోదారి వల్లే కదండీ, వరదేనండి” అని ఆ కుర్రవాడు తేలికగా అనేశాడు. అమ్మేవాడి నోటి మాట పత్రంలో మాటను మార్చదు. కంపెనీకి ఈ ప్రశ్ననే రాతపూర్వకంగా పంపితే, షరతును ఉన్నదున్నట్లు నకలు చేసి పంపారు గాని, అవునని గాని కాదని గాని చెప్పలేదు. కంపెనీ సేవలో నాకు నచ్చని అంశాలలో ఇది మొదటిది.

నా చదువు ప్రకారం దీనికి ఒకే సమాధానం లేదు, రెండున్నాయి. వరద ఏమీ లేని రోజుల్లో గట్టు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా కోసుకుపోయి, చివరికి ఒక వేసవి మధ్యాహ్నం ఇంటి పునాది జారితే, పరిహారం రాదు. మూడో ప్రమాద హెచ్చరిక ఉన్న రోజున ప్రవాహం ఇంటిని ఢీకొని, నేలను తవ్వి, గోడను పడగొడితే, అది వరద అనే ప్రమాదం కిందికి రావాలని వాదించడానికి గట్టి ఆధారం ఉంది, ఎందుకంటే కోత మినహాయింపు నేల కుంగుబాటుకు ఎదురుగా ఉన్న గడిలో ఉందే గాని వరదకు ఎదురుగా ఉన్న గడిలో లేదు. పట్టిక రూపంలో రాసినందువల్ల మనకు దొరికిన వాదం ఇది. పత్రంలో ఒక మాటకు నిజంగానే రెండర్థాలు వస్తే, రాసిన పక్షానికి వ్యతిరేకమైన అర్థాన్ని తీసుకోవడం బీమా వివాదాల్లో కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. అయితే మాట స్పష్టంగా ఉంటే జాలి పడి అర్థం మార్చవు.

ఇటువంటి తగాదాలు తేల్చడానికి న్యాయశాస్త్రం వాడే మాట ‘ప్రాక్సిమేట్ కాజ్’. దగ్గరి కారణం అని అనువదిస్తే పొరపాటు అర్థం వస్తుంది. లాటిన్‌లో ‘ప్రాక్సిముస్’ అంటే అతి దగ్గరిదనే అర్థం, దూరపు కారణాన్ని కాక దగ్గరి కారణాన్ని చూడాలన్నది పాత సూత్రం. కాని దగ్గర అంటే కాలంలో దగ్గరా, బలంలో దగ్గరా అన్న ప్రశ్న 1918లో ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో టార్పెడో తగిలిన ఇకారియా అనే ఓడను ఫ్రాన్సులోని హావర్ రేవుకు చేర్చారు. అక్కడ గాలికి అది రేవు గోడను కొట్టుకుంటూ ఉండడంతో, మునిగి దారికి అడ్డమవుతుందేమోనని బయటి వరుసకు తరలించారు. అక్కడ ఆటుపోట్లకు నేలను తాకుతూ లేస్తూ చివరికి మునిగిపోయింది. యుద్ధ నష్టానికి బీమా లేదు, సముద్ర ప్రమాదాలకు ఉంది. చివరగా ముంచినది సముద్రమే అయినా, అసలు కారణం టార్పెడోయేనని తీర్పు వచ్చింది. కాలంలో ఆఖరిదాన్ని గాక, ఫలితాన్ని తెచ్చిపెట్టడంలో ప్రధానమైనదాన్ని చూడాలన్న ఈ సూత్రం ఆ రోజు యజమానిని దెబ్బతీసినా, వరదలో గట్టు తెగి ఇల్లు పోయినవారికి ఉపయోగపడుతుంది: గోడను ఆఖరుకు పడగొట్టినది జారిన మట్టే కావచ్చు, దాన్ని జార్చినది వరద. అందుకే నష్టం జరిగిన రోజున నీటి మట్టం, ప్రభుత్వ హెచ్చరిక, ఇంటి చుట్టూ నీరున్న ఫొటోలు తేదీతో సహా దాచుకోవాలి.

ఇదే మాట దొంగతనం దగ్గర మళ్లీ ఎదురవుతుంది. ఇంటి బీమా ఉంటే దొంగతనానికి కూడా పరిహారం వస్తుందని మన వైపు చాలామంది నమ్ముతారు. ఈ పాలసీలో మామూలు దొంగతనానికి రక్షణ లేదు. వరద వంటి ప్రమాదం జరిగిన 7 రోజుల లోపల, ఆ ప్రమాదమే ప్రధాన కారణంగా జరిగిన దొంగతనానికి మాత్రమే ఉంది. ఇల్లు మునిగి కుటుంబమంతా పునరావాస కేంద్రంలో ఉన్నప్పుడు ఎవరైనా తలుపు తీసి సామాను పట్టుకుపోతే అది దీని కిందికి వస్తుంది. కాని లంకల్లో నీరు దిగి, బురద ఎత్తి, మనుషులు ఇంటికి చేరేసరికి వారం దాటిపోయే సందర్భాలు ఉంటాయి కనుక ఈ 7 రోజుల గడువు నదీ ప్రాంతాల సంగతి తెలియనివారు పెట్టినదిగా నాకు తోస్తుంది. దొంగతనం కోసం వేరే బర్గ్లరీ పాలసీ కొనదలచినవారు ఆ మాటకు థెఫ్ట్‌తో ఉన్న తేడాను గమనించాలి. బలప్రయోగంతో జొరబడటం జరిగితేనే బర్గ్లరీ అని రాసి ఉన్న ఒక పాలసీలో, అటువంటి ఆనవాళ్లు లేని దొంగతనానికి పరిహారం రాదని 2004లో హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కొనేటప్పుడు ప్రతిపాదన పత్రం నింపడం ఏజెంటుకు వదిలేయకూడదు. బీమా ఒప్పందం ‘ఉబెరిమా ఫిదెస్’ అనే సూత్రం మీద నడుస్తుంది. నిండైన నమ్మకం అని దాని భావం. 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన కార్టర్, బోయెమ్ తీర్పును దీనికి మూలంగా చెబుతారు. సుమత్రాలోని ఈస్టిండియా కంపెనీ కోట ఫోర్ట్ మార్ల్‌బరోను యూరోపియన్ శత్రువులు పట్టుకుంటే పరిహారం ఇచ్చేలా అక్కడి గవర్నరు లండనులో బీమా చేయించాడు. 1760లో ఫ్రెంచివారు కోటను పట్టుకున్నారు. కోట బలహీనతను గవర్నరు దాచాడని బీమాదారు వాదించినా, అవతలివాడికి తెలిసినదీ, తెలిసి ఉండవలసినదీ చెప్పకపోవడం దాపరికం కాదని న్యాయమూర్తి గవర్నరు పక్షానే తీర్పు ఇచ్చాడు. నిజాయితీ రెండు వైపులా ఉండాలన్నదే ఆ తీర్పులోని సారం. కంపెనీలు ఒక సగాన్నే గుర్తు చేస్తుంటాయి. మెరక చేసిన స్థలమైతే, గట్టుకు వెలుపల ఏటి వైపు ఉన్న ఇల్లైతే, పెరట్లో తాటాకు సావిడి ఉంటే, ప్రతిపాదనలోనే రాసి నకలు ఉంచుకోండి. తాటాకు, వెదురు, గడ్డి వంటి వాటితో వేసిన గోడ గాని కప్పు గాని ఉన్న కట్టడాలను బీమా భాషలో కచ్చా నిర్మాణాలు అంటారు. వాటికి రక్షణ ఉందో లేదో, ఏ ధరకు ఉందో ముందే రాతపూర్వకంగా అడగాలి.

తక్కిన మాటల్లో రెండింటిని త్వరగా ముగిస్తాను. ‘ప్రీమియం’ లాటిన్‌లో బహుమతి, ఇప్పుడు మనం ఏటా కట్టే రొక్కం. ఇంటి విలువతో పోల్చితే అది తక్కువే. బ్యాంకు అప్పు ఉన్నవారి పాలసీలో కనిపించే ‘మార్ట్‌గేజ్’ పాత ఫ్రెంచిలో చచ్చిన తాకట్టు. అప్పు తీర్చకపోతే ఆస్తి బాకీదారుకు చచ్చినట్లే, తీరిస్తే తాకట్టు అప్పిచ్చినవాడికి చచ్చినట్లే అని ఇంగ్లండు న్యాయవేత్త ఎడ్వర్డ్ కోక్ వివరించాడు. అప్పు ఉన్నంతకాలం పరిహారంపై బ్యాంకుకు హక్కు ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

‘సబ్రొగేషన్’ను మాత్రం మన ప్రాంతం వారు నిదానంగా చదవాలి. ఒకరి స్థానంలో మరొకరిని నిలపడం దాని లాటిన్ అర్థం. నష్టానికి మూడో పక్షం బాధ్యత ఉన్నప్పుడు, కంపెనీ మనకు పరిహారం చెల్లించి, ఆ పక్షం నుంచి రాబట్టుకునే హక్కులో మన స్థానంలోకి వస్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇళ్లు తగలబడినటువంటి దుర్ఘటనలో ఈ షరతు ప్రాణం పోసుకుంటుంది. బీమా ఉన్న యజమాని పైపులైను వారి పరిహారం తేలేదాకా ఎదురుచూడకుండా ముందు బీమా సొమ్ము తీసుకోవచ్చు. కాని బాధ్యులతో రాజీ పత్రం మీద తొందరపడి సంతకం పెట్టి తన హక్కులన్నీ వదులుకుంటే, కంపెనీ హక్కును కూడా చెడగొట్టినట్లవుతుంది, అప్పుడు బీమా సొమ్ముకే చిక్కు వస్తుంది. నేల కింద పైపులైన్లు అల్లుకుపోయిన కోనసీమలో ఈ ఒక్క పేరా అయినా తెలుగులో సరిగ్గా ముద్రించి ఇవ్వవలసింది.

సేవల విషయంలో మా కంపెనీకి నేను ఇచ్చే మార్కులు సగానికి లోపే. పత్రం సకాలంలో వచ్చింది, ఫోనులో మర్యాదగా మాట్లాడారు, గుంపుగా మునిగే ప్రాంతాలకు నష్టం అంచనా వేసే సర్వేయర్లను ఎలా పంపుతారన్న ప్రశ్నకు మాత్రం పొంతన లేని జవాబులు చెప్పారు. షరతుల విషయంలో ఈ పాలసీకి నూటికి డెబ్బయి ఇస్తాను. తీసేసిన ముప్పయిలో ఎక్కువ భాగం కోతకే పోయింది. గట్టుకు లోపల, గట్టి నేల మీద పక్కా ఇల్లున్నవారు నిశ్చింతగా తీసుకోవచ్చు. అద్దెకు ఉన్నవారు సామానుకు మాత్రమే తీసుకునే వీలుంది. ఏటి ఒడ్డున, కోత ముఖాన ఇల్లున్నవారు తుఫానుకూ అగ్నికీ పనికొస్తుందన్న లెక్కతోనే తీసుకోవాలి.

క్లెయిము తిరస్కరిస్తే కారణాన్ని షరతు సంఖ్యతో సహా రాతలో అడిగి, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికే రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆ మాట స్వీడిష్ భాషది. ప్రజల పక్షాన అధికారులను ప్రశ్నించే ప్రతినిధిగా స్వీడన్‌లో 1809లో ఆ పదవి ఏర్పడింది. మనకు సంబంధించిన అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు, పుదుచ్చేరిలో భాగమైనా యానాం కూడా దాని పరిధిలోకే వస్తుంది కనుక, యానాంవారు పుదుచ్చేరి వైపు చూడనక్కరలేదు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. కంపెనీ తిరస్కరణ అందిన నాటి నుంచి ఏడాది లోపల ఫిర్యాదు చేరాలి, అదే విషయం మీద అప్పటికే కోర్టులో గాని వినియోగదారుల కమిషన్‌లో గాని కేసు ఉండకూడదు.